అరసవల్లిలో ఒక ఇడ్లీ ప్లేటు, అయిదు తీర్పులు

ఒకే బల్ల. ఒకే వంటిల్లు. పది నిమిషాల తేడాలో వచ్చిన ప్లేట్లు. లేచేసరికి మాత్రం అయిదుగురికీ అయిదు అభిప్రాయాలు.

"ఇంత మంచి చట్నీ తిని ఎన్నాళ్ళయిందో" అన్నాను నేను. "ఇడ్లీ గోడకి కొడితే వెనక్కొస్తుంది" అన్నారు బావగారు. మా ఆవిడ పెసరట్టు సగంలో వదిలేసి చేయి కడుక్కుంది. అమ్మ పాలు తప్ప ఏమీ ముట్టకుండానే "పాపం, ఆ పిల్ల మంచిది" అని తేల్చేసింది. ఇక ఫ్రాన్సులో చదువుకుంటున్న మా మేనల్లుడు ఏమన్నాడంటే... అది కాస్త ఆగి చెబుతాను. వాడన్న ఒక్క మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

ఇది జరిగింది అరసవల్లిలో. మాఘమాసంలో, రథసప్తమి వెళ్ళిన తర్వాత వచ్చిన ఆదివారం.

చలిలో బయల్దేరాం

వాడు సెలవులకి వచ్చాడంటే అమ్మకి ఒకటే పట్టుదల. మనవడిని సూర్యనారాయణమూర్తి ముందు నిలబెట్టాలి. మోకాళ్ళ నొప్పులని అక్క ఆగిపోయింది గానీ మిగిలిన అయిదుగురం విశాఖపట్నంలో తెల్లవారుజామునే రైలెక్కాం. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. 'శ్రీకాకుళం రోడ్' అనే స్టేషన్ శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. అక్కడ దిగి ఆటో గానీ బస్సు గానీ పట్టుకుని ఊళ్ళోకి రావాలి. అరసవల్లి ఆ ఊరికి ఆనుకునే ఉంటుంది. దారిలో డే అండ్ నైట్ జంక్షన్ పేరు చూసి మేనల్లుడు నవ్వాడు. "ఈ పేరు భలే ఉంది మావయ్యా, మా ఊళ్ళో హోటళ్ళకి పెట్టొచ్చు" అన్నాడు. అప్పటికి వాడి మాట నాకు అర్థం కాలేదు.

ఆదివారం సూర్యుడి వారం. మాఘం సూర్యుడి నెల. రెండూ కలిసిన రోజున అరసవల్లి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంద్ర పుష్కరిణి దగ్గర స్నానాలు చేసేవాళ్ళు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, పిడకల మీద క్షీరాన్నం వండుకునేవాళ్ళు. పాలు పొంగిన వాసన, పిడకల పొగ కలిసి వీధంతా కమ్ముకున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా జనం వస్తారు.

గుడి కళింగ గంగరాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెబుతారు. నల్లరాతి మూర్తి, రెండు చేతుల్లో తామరమొగ్గలు, పక్కన ఉష, పద్మిని, ఛాయ. ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదటి రోజుల్లో, పొద్దుటి కిరణాలు గోపురం కింద నుంచి అనివెట్టి మండపం దాటి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఆ రోజు మబ్బు పట్టిందంటే వచ్చినవాళ్ళంతా ఉస్సూరుమని వెనక్కి పోవాల్సిందే. సూర్యుడే మాట నిలుపుకోలేని రోజులుంటాయన్నమాట. ఈ సంగతి కాసేపట్లో హోటల్లో గుర్తొచ్చింది నాకు.

ధర్మదర్శనం లైన్లో నిలబడ్డాం. బయటికి వచ్చేసరికి పదకొండు దాటింది. అమ్మది ఆదివారం నియమం, ఉప్పు ముట్టదు. మిగతా నలుగురం దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని పంతానికి పోయాం. ఆకలి ఏ స్థాయిలో ఉందో మీరే ఊహించుకోండి.

పేరు రాయని హోటలు

గుడి నుంచి వచ్చే రోడ్డు మీద చిన్న టిఫిన్ హోటలు. రేకుల కప్పు, ఆరు బల్లలు. పెనం దగ్గర ఆయన, ఇడ్లీ పాత్ర దగ్గర ఆవిడ, డబ్బుల బల్ల దగ్గర డిగ్రీ చదివే కూతురు, నీళ్ళు పెట్టడానికి ఒక కుర్రాడు. అంతే సిబ్బంది. పేరు మాత్రం రాయను. ఒక్క పూట తిని, పేరు పెట్టి తీర్పు చెప్పేయడం ఎంత తేలికో ఆ రోజే కళ్ళారా చూశాను.

బల్ల ఖాళీ కోసం పావుగంట నిలబడ్డాం. తింటున్నవాళ్ళ వెనకాలే నిలబడితే గానీ చోటు దొరకదు. మా వెనక మరో కుటుంబం నిలబడింది. బావగారికి ఇడ్లీ, మేనల్లుడికి పూరీ, నాకు ఇడ్లీతోపాటు మినప రొట్టె, మా ఆవిడకి పెసరట్టు, అమ్మకి గ్లాసుడు పాలు చెప్పాం.

నిజం చెప్పాలంటే ఇడ్లీ గట్టిగానే ఉంది. కానీ దాని మీద పోసిన బొంబాయి చట్నీ ఉంది చూశారూ, శనగపిండి ఉడికీ ఉడకనట్టు కాకుండా, పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ పడి వేడివేడిగా ఉంది. నేను పుట్టింది ఆమదాలవలస పక్క పల్లెలో. చిన్నప్పుడు నాన్న సైకిలు మీద తీసుకొచ్చి తినిపించిన చట్నీ ఇదే. హోటలు ఇది కాకపోవచ్చు, చెయ్యి ఇది కాకపోవచ్చు, రుచి మాత్రం అదే. కాబట్టి నా నాలుక ఆ రోజు నిష్పక్షపాతంగా లేదని ముందే ఒప్పుకుంటున్నాను.

బావగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. లెక్క లెక్కే ఆయనకి. డబ్బిచ్చాం, మెత్తటి ఇడ్లీ రావాలి. రాలేదు. పైగా నీళ్ళ గ్లాసు నీచువాసన వేసింది. మా ఆవిడది రాజమండ్రి. పెసరట్టంటే పల్చగా, అంచులు కరకరలాడుతూ, అల్లం పచ్చడితో రావాలి. వచ్చింది మందంగా, మధ్యలో పచ్చిగా. ఆవిడ మొహం చూసి నేనేమీ అడగలేదు.

"ఇది బ్రాసరీ, మావయ్యా!"

మేనల్లుడు పూరీ తుంచుతూ చుట్టూ చూసి అన్నాడు. "ఇది అచ్చం మా బ్రాసరీ మావయ్యా."

వాడు చదివేది స్ట్రాస్‌బర్గ్‌లో. జర్మనీ సరిహద్దున ఆల్సేస్ ప్రాంతం. బ్రాసరీ అంటే మొదట్లో బీరు కాచే చోటు అని అర్థమట. ఆ ముక్క అమ్మకి వినపడకుండా నా చెవిలో చెప్పాడు. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడి ఆల్సేస్ జర్మనీ చేతికి పోయాక, అక్కడి జనం చాలామంది పారిస్ చేరి ఇలాంటి హోటళ్ళు పెట్టుకున్నారు. అలా ఆ పేరు ఊరూరా పాకింది. ఫ్రాన్సులో మామూలు రెస్టారెంట్లు మధ్యాహ్నం భోజనం అవగానే తలుపులు మూసి మళ్ళీ రాత్రికి గానీ తెరవవు. బ్రాసరీ అలా కాదు. పొద్దున్నుంచి రాత్రిదాకా పొయ్యి ఆరదు. ఎవరు ఎప్పుడు వచ్చినా ఏదో ఒకటి వేడిగా పెడతారు. పెద్ద హంగులుండవు, గోలగా ఉంటుంది, బల్లలు దగ్గరదగ్గరగా ఉంటాయి. డే అండ్ నైట్ అన్న పేరు చూసి వాడు ఎందుకు నవ్వాడో అప్పుడు అర్థమైంది.

"బాగుంటుందా మరి?" అన్నాను.

"అదే కదా చిక్కు" అన్నాడు. మొదటి చలికాలంలో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి, ఏ హోటలూ తెరిచిలేక, వణుకుతూ ఒక బ్రాసరీలోకి వెళ్ళాడట. ఉల్లిపాయ సూపు తెచ్చారు. పైన రొట్టెముక్క, దాని మీద కరిగిన చీజు. అంత రుచైనది జీవితంలో తినలేదన్నాడు. అది ఏ రసంతో కాస్తారో మాత్రం అమ్మమ్మ ముందు అడగొద్దన్నాడు. నెల తర్వాత గొప్పగా స్నేహితుల్ని వెంటేసుకుని అక్కడికే వెళ్ళాడు. శనివారం రాత్రి. నలభై నిమిషాలు ఎవరూ పలకలేదు. పలికినాయన విసుక్కున్నాడు. వచ్చిన సూపు గోరువెచ్చగా, ఉప్పు కషాయంలా ఉంది. స్నేహితులు ఇప్పటికీ వాణ్ణి ఆటపట్టిస్తారట. "ఇందులో ఏది నిజం మావయ్యా? వంటవాడు ఒకడే, గిన్నె ఒకటే" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మాట మార్చాను. "ఫ్రెంచివాళ్ళు మనకి కొత్తేం కాదురా. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లు బుస్సీకి రాసిచ్చేశాడు. అందులో మన చికాకోల్ సర్కారు కూడా ఉంది. చికాకోల్ అంటే ఈ శ్రీకాకుళమే. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు పట్టుకెళ్ళింది వాళ్ళే. 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడారు, మరుసటి ఏడాది బందరు పోయింది, ఆ తర్వాత ఈ వైపు వాళ్ళకి మిగిలింది యానామే."

"అన్నేళ్ళున్నా ఒక్క హోటలూ పెట్టలేదన్నమాట" అన్నాడు వాడు.

"పెట్టడానికి కాదురా వచ్చింది. సైన్యం జీతాలకని శిస్తు రాయించుకున్నారు. మన పొలాలే వాళ్ళకి అన్నం పెట్టాయి" అన్నాను. పక్క బల్ల ఆయన కూడా నవ్వాడు.

నక్షత్రాల పంచాయితీ

ఈలోగా బావగారు ఫోను తీశారు. ఆ హోటలు పేరు కొట్టి, జనం ఏం రాశారో చదివి వినిపించడం మొదలుపెట్టారు. ఒకరు ఇంటి వంటలా ఉందన్నారు. ఒకరు జన్మలో రామన్నారు. ఒకరికి చట్నీ అమృతం, ఇంకొకరికి అదే చట్నీ పిండి నీళ్ళు. చాలామంది అయిదు నక్షత్రాలో, ఒకటో ఇచ్చారు. మూడు ఇచ్చినవాళ్ళు వెతికితే గానీ దొరకలేదు. బావగారు కళ్ళజోడు సర్దుకుని తనవంతు రాయడానికి సిద్ధమయ్యారు. ఒక్క నక్షత్రం.

డబ్బుల బల్ల దగ్గరున్న అమ్మాయి చూసింది. ఆ చూపుని బట్టి ఇలాంటివి చాలా చూసిందనిపించింది. "అంకుల్, రాసే ముందు మా అమ్మకి ఒక్కమాట చెప్పండి. ఆ తర్వాత మీ ఇష్టం" అంది. గొంతులో కోపం లేదు. అందుకే బావగారు ఇరుకునపడ్డారు.

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏటి బావూ, బాగోనేదా?"

"ఇడ్లీ రాయిలా ఉందమ్మా."

"ఉంటాది బావూ. సలికి పిండి పులవనేదు."

ఆ తర్వాత ఆవిడ చెప్పింది నేను ఎన్నడూ ఆలోచించని విషయం. మామూలు రోజు మూడు కిలోల మినప్పప్పు సరిపోతుంది. మాఘం ఆదివారం పన్నెండు కావాలి. దానికి రెట్టింపు రవ్వ. అంత పిండి పెద్ద గిన్నెల్లో నింపి పెడితే, చలి రాత్రి అది పొంగడానికి ఎండాకాలం కంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. శనివారం మధ్యాహ్నమే రుబ్బి, గోనెపట్టాలు కప్పి, పొయ్యి పక్కన పెట్టుకోవాలి. కానీ శనివారం మధ్యాహ్నం హోటలూ నడవాలి, ఉన్నది ఒక్క గ్రైండరే. మొదట రుబ్బిన పిండి పొద్దున్న ఆరింటికి బాగా పొంగి ఉంటుంది. తొమ్మిదికల్లా అది అయిపోతుంది. ఆ తర్వాత వేసేది రాత్రి పొద్దుపోయి రుబ్బిన పిండి. మేము తిన్నది అదే. అంటే జనం ఎక్కువగా వచ్చే రోజులే పిండి మాట వినని రోజులు. మబ్బు పట్టిన రోజు స్వామి పాదాల దగ్గరికి కిరణాలు రానట్టే ఇది కూడా.

"తక్కువ రుబ్బితే పదికే అయిపోనాదని తిడతారు. ఎక్కువ రుబ్బితే సోమారం పారబోసుకోవాల. ఏటి సేస్తాం బావూ" అంది.

బావగారు తగ్గలేదు. "సరేనమ్మా, పిండి చలికి పులవలేదు. మరి గ్లాసు కడగడానికి కూడా చలేనా?"

ఆవిడ ఒక్క క్షణం ఏమీ అనలేదు. గ్లాసు తీసి వాసన చూసింది. కుర్రాణ్ణి కేకేసింది. మా కళ్ళముందే గ్లాసులన్నీ లోపలికి వెళ్ళి వేడినీళ్ళలో మునిగాయి. "అది మా తప్పే" అంది. మా ఆవిడ కూడా ఊరుకోలేదు. "పెసరట్టు మీకు రాదా అమ్మా?" అని అడిగింది మెల్లిగా. "మా ఊరోలు అడగరమ్మా. బయటోలే అడుగుతారు. ఆయనకి సరిగా రాదు." "అయితే బోర్డు మీద ఎందుకు రాశారు?" దానికీ ఆవిడ దగ్గర జవాబు లేదు. నవ్వింది.

ఇదంతా చెబుతున్నది ఆవిడ తరఫున వకాల్తా పుచ్చుకుని కాదు. గట్టి ఇడ్లీకి కారణముంది. మురికి గ్లాసుకి లేదు. రెండింటినీ కలిపి ఒక్క నక్షత్రం కింద తోసేస్తే చలి తప్పేదో, మనిషి తప్పేదో చదివేవాడికి తెలియదు. మా ఆవిడ పెసరట్టు మీద కోపంలో సగం రాజమండ్రిది. నా చట్నీ మీద ప్రేమలో సగం మా నాన్నది. అవి ఆ హోటలు చేసినవి కావు, మేము మోసుకొచ్చినవి.

లేవబోతుంటే ఆవిడ చెప్పిన మాట నాతోపాటు ఇంటిదాకా వచ్చింది. అంతకుముందు ఏడాది ఎవరో కూరలో వెంట్రుక వచ్చిందని ఫొటో తీసి పెట్టారట. అప్పటిదాకా యాత్రికుల్ని తెచ్చి ఆపే రెండు వ్యాన్లు ఆగడం మానేశాయి. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ తలకి గుడ్డ కట్టుకునే వండుతున్నారు. మేము చూశాం కూడా.

"ఎంటిక వచ్చీసినాది, నిజమే. కాదనను. గాని రాసిన బాబు మల్లీ రానేదు. మేం మారినామో నేదో ఆడికెలా తెలుస్తాది? ఆ రాసింది మాత్రం ఆడే ఉండిపోనాది" అంది.

బావగారు ఫోను జేబులో పెట్టుకున్నారు.

మళ్ళీ వెళ్ళాను

పది రోజుల తర్వాత పొలం కాగితాల పని మీద శ్రీకాకుళం వెళ్ళాను. మంగళవారం. పని పదింటికి గానీ మొదలవదు. ఏడున్నరకే ఆటో ఎక్కి అరసవల్లి వెళ్ళాను. రోడ్డు ఖాళీ. గుడి ముందు పూలమ్మేవాళ్ళు తీరిగ్గా దండలు కట్టుకుంటున్నారు. దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది. ఆదివారం తోపులాటలో చూడలేకపోయిన తామరమొగ్గల్ని తృప్తిగా చూశాను.

హోటల్లో మూడు బల్లలు ఖాళీ. ఆవిడ గుర్తుపట్టింది. ఇడ్లీ వచ్చింది. వేలితో నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి లేచింది. అంత మెత్తన. అయితే, ఇది కూడా చెప్పాలి, ఆ రోజు బొంబాయి చట్నీ లేదు. వేరుశనగ చట్నీ చేశారు, పల్చగా ఉంది, ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది. నా అయిదు నక్షత్రాల చట్నీ కాదు. ఆవిడకి చెప్పాను. తల ఊపింది. గ్లాసు వాసన చూశాను, అలవాటు ప్రకారం. ఏ వాసనా లేదు.

బోర్డు వైపు చూస్తే ఇడ్లీ, పూరీ, ఉప్మా, మినప రొట్టె ఉన్నాయి. పెసరట్టు ఉన్నచోట సుద్దముక్కతో అడ్డంగా గీత కొట్టి ఉంది.

మీరు అరసవల్లి వెళ్ళాలనుకుంటే నాకు తోచింది చెబుతాను. మాఘం ఆదివారాల సందడి చూడాల్సిందే, కానీ ఆ రోజు మెత్తటి ఇడ్లీ కావాలంటే దర్శనం ముందో, టిఫిన్ ముందో ముందే తేల్చుకోండి. తొమ్మిది దాటితే పూరీయే మేలు. ప్రశాంతంగా స్వామిని చూడాలంటే మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. కిరణాల కోసమైతే మార్చి, అక్టోబరుల్లో తెల్లవారకముందే లైన్లో ఉండాలి, మబ్బుకి సిద్ధపడాలి. ఎక్కడ తిన్నా, బాగోకపోతే ముందు వండినవాళ్ళకి చెప్పండి. వినకపోతే అప్పుడు లోకానికి చెప్పొచ్చు, తప్పేం లేదు.

అక్కడి నుంచే బావగారికి ఫోన్ చేశాను. ఆయన మర్నాడే రాసేశారట. మూడు నక్షత్రాలు. "ఎనిమిదిలోపు వెళ్ళండి, బొంబాయి చట్నీ ఉంటే వదలొద్దు, గ్లాసు చూసుకోండి. ఇంతే రాశాను. బ్యాలెన్స్ షీటు సరిపోయింది" అన్నారు. మేనల్లుడికి కూడా ఈ సంగతి పంపాను. ఈసారి ఆ బ్రాసరీకి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, ఒంటరిగా వెళ్ళి చూస్తానన్నాడు.

పెసరట్టు మీద గీత సంగతి మా ఆవిడకి చెబితే, "అదే మంచిది" అని ఊరుకుంది. అమ్మ మాత్రం ఇడ్లీ గురించి గానీ, చట్నీ గురించి గానీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"ఆ పిల్ల కనిపించిందా? హోటల్లో జనం ఉన్నారా?" అని అడిగింది.

"మూడు బల్లలు నిండి ఉన్నాయమ్మా" అన్నాను. మిగతా మూడు ఖాళీగా ఉన్న సంగతి చెప్పలేదు.